రాత్రి ఎదుటి లైట్లు, పొద్దున ఎదురెండ: విజయవాడ హైవే మీద కళ్లు బైర్లు కమ్మకుండా ఏం చేయాలి?

మునగాల_శీను (ప్రశ్న):

హైదరాబాద్, విజయవాడ మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద తరచూ కారు నడపాల్సి వస్తుంది. వయసు 47. దూరపు చూపుకి కళ్లజోడు ఉంది: మైనస్ 2.25, సిలిండర్ (కంటి వంపులో తేడాను సరిచేసే పవర్) మైనస్ 0.75. పవర్ చూపించుకుని మూడేళ్లు దాటింది. కారు ఏడేళ్ల పాతది, హెచ్4 హాలోజన్ బల్బులు.

రాత్రి ఎదుటి బండి లైటు కళ్లలో కొడితే, అది దాటిపోయాక కూడా కొన్ని సెకన్లు రోడ్డు కనిపించడం లేదు. లైట్ల చుట్టూ పొడుగ్గా గీతలు సాగుతున్నాయి. చలికాలం పొద్దున్నే విజయవాడ వైపు వెళ్తుంటే సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉండి ముందు అద్దం మొత్తం తెల్లగా అయిపోతోంది. సూర్యాపేట దాటేదాకా ఇదే వరస.

ఆన్‌లైన్‌లో అమ్మే పసుపు రంగు నైట్ గ్లాసెస్ కొనాలా? పోలరైజ్డ్ అద్దాలు మేలా? లేక నా కారుకీ ఎల్ఈడీ బల్బులు వేసుకుంటే సరిపోతుందా? ముందు అద్దానికి ఫిల్మ్ వేయించమని కూడా ఒకరు చెప్పారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

అద్దాల_మాస్టారు:

శీను గారూ, ఏదీ కొనకముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. రాత్రి పూట బండిని క్షేమమైన చోట ఆపి, దూరంగా ఉన్న ఒక వీధిలైటును చూడండి. గీతలు కనిపిస్తాయి కదా, అప్పుడు తలను మెల్లగా భుజం వైపు వంచండి. తలతోపాటు గీతలూ తిరిగితే లోపం కంట్లోనో కళ్లజోడులోనో ఉంది. తల వంచినా గీతలు కదలకపోతే అది కారు ముందు అద్దం పని. రెండు మూడు సార్లు గట్టిగా రెప్పలార్పితే గీతలు తగ్గి మళ్లీ వస్తున్నాయా, అయితే కన్ను పొడిబారుతోంది. చివరగా పక్క అద్దం పూర్తిగా దించి అదే లైటును నేరుగా చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది. చాలామందికి రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి.

ఇక అసలు జరిగేది. ఎదుటి లైటు నుంచి వచ్చిన వెలుగు మొత్తం కంటి వెనక ఒకే చుక్క మీద పడితే ఇంత ఇబ్బంది ఉండదు. అందులో కొంత భాగం దారిలో చెదిరిపోతుంది: అద్దం మీది మురికిలో, లెన్సు మీది గీతల్లో, ఆ తర్వాత కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో, లోపలి కటకంలో. చెదిరిన ఆ వెలుగు రెటీనా (బొమ్మ పడే కంటి వెనక పొర) అంతటా పలచటి తెల్ల తెరలా పరుచుకుంటుంది. రోడ్డు మీద నల్లగా ఉన్న గేదె, రిఫ్లెక్టర్ లేని ట్రాక్టరు ట్రాలీ, వాటి వెనకున్న చీకటి, అన్నీ ఆ తెర కింద ఒకే రంగులో కలిసిపోతాయి. చూపు తగ్గించే గ్లేర్ (కళ్లలో కొట్టే వెలుగు) ఇది. కళ్లకు చిరాకు పుట్టించే గ్లేర్ వేరే ఉంది. చిరాకు లేకపోయినా చూపు తగ్గవచ్చు, అందుకే ‘నాకేం ఇబ్బంది లేదు’ అనేవాళ్ల మాట నమ్మడానికి లేదు.

ఆ తెర ఎంత మందంగా ఉంటుందో లెక్కగట్టే సూత్రం ఉంది. కంటి మీద పడే వెలుగు పెరిగితే తెర అంతే పెరుగుతుంది. మీరు చూస్తున్న చోటికీ లైటుకీ మధ్య కోణం పెరిగితే, ఆ కోణం వర్గం కొద్దీ తగ్గుతుంది. అంటే కోణం రెండింతలైతే తెర నాలుగో వంతుకు వస్తుంది. వయసు లెక్క విడిగా ఉంది: వయసును 70తో భాగించి నాలుగో ఘాతం చేసి ఒకటి కలపాలి. పాతికేళ్లవాళ్లకు అది దాదాపు 1. మీ 47కి 1.2. డెబ్బైకి సరిగ్గా 2. అంటే కంట్లో ఏ జబ్బూ లేకున్నా, అదే లైటు డెబ్బై ఏళ్ల కంటికి రెండింతలు తెర వేస్తుంది.

ఈ సూత్రం చూస్తే పసుపు అద్దాల సంగతి అదే తేలిపోతుంది. రంగు అద్దం ఎదుటి లైటు వెలుగునూ తగ్గిస్తుంది, చీకట్లో ఉన్న మనిషి మీంచి వచ్చే కాస్త వెలుగునూ తగ్గిస్తుంది. రెండింటి నిష్పత్తి మారదు కాబట్టి తెర పలచబడదు. నీలం రంగు పోవడం వల్ల బొమ్మ తేటగా ఉన్నట్టు అనిపిస్తుంది, హాయిగానూ ఉంటుంది. అయితే 2019లో అమెరికాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించి చూస్తే, రోడ్డు మీద మనిషిని గుర్తించడంలో పసుపు అద్దాల వల్ల ఏ మేలూ కనిపించలేదు. కళ్లద్దాల ప్రమాణాల ప్రకారం 75 శాతం కన్నా తక్కువ వెలుగును పంపే ఏ అద్దమూ రాత్రి డ్రైవింగుకు పనికిరాదు.

డబ్బు పెట్టాల్సింది కొత్త పవర్ పరీక్షకు, లెన్సుల మీద యాంటీ రిఫ్లెక్షన్ కోటింగుకు. కోటింగు లేని, 1.5 సూచిక (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఉన్న మామూలు లెన్సు ఒక్కో ఉపరితలం దగ్గర 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది, రెండు వైపులా కలిపి 8. పలచగా ఉంటాయని 1.67 లెన్సు తీసుకుంటే ఒక్కో వైపు 6 శాతం దాటుతుంది. ఈ వెలుగే లెన్సు లోపల అటూ ఇటూ కొట్టుకుని, లైటు పక్కన ఇంకో దయ్యం లైటులా కనిపిస్తుంది. మంచి కోటింగు ఉంటే మొత్తం ప్రతిబింబం ఒకటి రెండు శాతానికి దిగుతుంది. ఉందో లేదో తెలుసుకోవడానికి లెన్సును ట్యూబ్‌లైటు కింద పట్టి చూడండి: ప్రతిబింబం తెల్లగా మెరిస్తే కోటింగు లేదు, మసకగా ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటే ఉంది. అక్కడక్కడా పొలుసులు లేచిన కోటింగు, అసలు లేనిదానికన్నా అధ్వాన్నం. చొక్కా అంచుతో పొడిగా తుడిస్తే ఆ గతే పడుతుంది. నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు.

మూడేళ్ల పాత పవర్‌తో రాత్రి నడపొద్దు. చీకట్లో కనుపాప పెద్దదవుతుంది, పగలు తెలియని చిన్న చిన్న లోపాలు అప్పుడు బయటపడతాయి. సిలిండర్ పావు మారినా, దాని యాక్సిస్ (అది ఉండాల్సిన కోణం) పది డిగ్రీలు తప్పినా లైట్లన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. మీరు చెబుతున్న పొడుగు గీతలకు నా మొదటి అనుమానం అదే.

గేరుబాక్స్_గణేష్:

మాస్టారు చెప్పిన తల వంచే పరీక్షలో గీతలు కదల్లేదంటే ఇక నా వంతు.

ముందు అద్దం బయటివైపు అందరూ కడుగుతారు. లోపలివైపు ఎవరూ ముట్టరు. ఎండకు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడెక్కి ఆవిరి వదులుతుంది, అది అద్దం లోపల జిడ్డు పొరలా పేరుకుంటుంది. పైగా సర్వీసింగులో డ్యాష్‌బోర్డుకు మెరుపు పాలిష్ పట్టిస్తారు. అందులోని సిలికాన్ కూడా అక్కడికే చేరుతుంది. పగలు కనిపించదు, సూర్యుడు ఎదురైన క్షణం అద్దం మొత్తం పాలు పోసినట్టు అవుతుంది. ఆ మెరుపు పాలిష్ వద్దని సర్వీస్ సెంటర్‌లో గట్టిగా చెప్పండి.

తుడిచే పద్ధతి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలపండి. అద్దం మీద చల్లకుండా మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లి తుడవండి, లేకపోతే డ్యాష్‌బోర్డు మీద మచ్చలు పడతాయి. వెంటనే రెండో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును ఒక మూల నుంచి ఇంకో మూలకు పూసినట్టే. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడవండి. ఆఖర్న గీత మిగిలితే అది ఏ వైపుదో దాని దిక్కు చూస్తే తెలుస్తుంది. పని నీడలో చేయండి, అద్దం వేడిగా ఉంటే ఆల్కహాల్ తుడిచేలోపే ఆరిపోతుంది. అయిందో లేదో తెలియాలంటే అద్దం మీద నోటితో ఆవిరి ఊదండి. ఆవిరి సమంగా పరుచుకుంటే శుభ్రం, మరకలు మరకలుగా పడితే ఇంకా జిడ్డుంది.

బయటివైపు అసలు శత్రువు బోరు నీళ్లు. వైపర్ ట్యాంకులో బోరు నీళ్లు పోస్తే ఆరినచోటల్లా సున్నపు చుక్కలు మిగులుతాయి. ఆర్వో నీళ్లు పోయండి. ఉన్న చుక్కలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డను తడిపి ఐదు నిమిషాలు అద్దానికి అంటించి ఉంచి, తర్వాత బాగా కడగండి. పెయింటు మీద కారనివ్వకండి. వైపర్ బ్లేళ్లు మన ఎండలకు ఏడాది కూడా ఆగవు. రబ్బరు అంచు గట్టిపడితే దుమ్మును అద్దం మీద రుద్దుతూ విల్లు ఆకారంలో సన్నటి గీతలు పెడుతుంది. పొడి అద్దం మీద వైపర్ ఒక్కసారి తిప్పినా అంతే. గోరుకు తగలని గీతలు సీరియం ఆక్సైడ్ పాలిష్‌తో కొంత తగ్గుతాయి. గోరు ఇరుక్కునేవి జోలికి పోవద్దు, పాలిష్ చేసినకొద్దీ గాజు పల్లం పడి బొమ్మ వంకరపోతుంది. ఇసుక లారీల వెనక తిరిగిన బండ్లకు చిన్న చిన్న గుంటలు పడతాయి. రాత్రి టార్చి ఏటవాలుగా వేస్తే అద్దం నిండా చుక్కలు మెరుస్తాయి. అవి ఎక్కువుంటే అద్దం మార్చడమే, వేరే దారి లేదు.

డ్యాష్‌బోర్డు మీద టోల్ రసీదులు, తెల్ల గుడ్డ, వెండి రంగు వినాయకుడు ఉంటే పగలు వాటి నీడ అద్దంలో పడుతుంది. దేవుణ్ణి తీసేయమనడం లేదు, మెరవని బొమ్మ పెట్టండి.

ఎల్ఈడీ గురించి. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలేలా అదే చేస్తుంది, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా పైన గీత గీసినట్టు తెగే వెలుగు దాని పుణ్యమే. ఎల్ఈడీలో చిప్పులు ఒక పట్టీకి రెండు వైపులా ఉంటాయి, ఫిలమెంటు ఉండాల్సిన బిందువులో అవి ఉండవు. రిఫ్లెక్టర్‌కు అది తెలియదు, వెలుగును పైకి, పక్కలకు చెదరగొడుతుంది. మీకు ముందు పది మీటర్లు పట్టపగల్లా ఉంటుంది, దూరం కనపడదు, ఎదుటివాడు తిట్టుకుంటాడు. కంపెనీ నుంచి ఎల్ఈడీ లైటుతోనే వచ్చిన కారు వేరు, అక్కడ రిఫ్లెక్టర్ దానికోసమే తయారైంది.

మీ హాలోజన్ నుంచే ఎక్కువ వెలుగు రాబట్టొచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైటు వేసి, బల్బు సాకెట్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గరున్న దానికన్నా అర వోల్టు తక్కువుంటే వెలుగు 12 శాతం దాకా పడిపోతుంది. ఒక వోల్టు తగ్గితే దాదాపు పావు వంతు పోయినట్టు. ఎర్త్ వైరు తుప్పు గీకి బిగించండి, అయినా తగ్గకపోతే రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్) ఉన్న వైరింగ్ వేయించండి. బల్బు 60/55 వాట్లదే ఉండాలి, 100 వాట్ల బల్బు సాకెట్‌ను కరిగిస్తుంది, చట్టమూ ఒప్పుకోదు. హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపు పట్టి ఉంటే 1000, 2000, 3000 నంబరు గరుకు కాగితాలతో నీళ్లు పోస్తూ వరుసగా రుద్ది, పాలిష్ కాంపౌండ్ పట్టి, పైన యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) ఆపే కోటింగు వేయించండి. టూత్‌పేస్ట్ చిట్కా కొన్ని వారాల ముచ్చట. కోటింగు వేయకుండా వదిలేస్తే మళ్లీ పచ్చబడుతుంది.

లైటు ఎత్తు సరిచూడటం ఇంట్లోనే అవుతుంది. టైర్లలో గాలి సరిగా ఉండాలి, సామాను దించేయాలి, డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి, లెవెలింగ్ చక్రం 0 మీద ఉండాలి. చదునైన నేల మీద గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఆపండి. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద గీత పెట్టండి. డిమ్‌లో వెలుగు తెగే గీత దానికన్నా 5 సెం.మీ. కిందకు రావాలి. అది ఒక శాతం వాలు. కొన్ని బండ్లకు బానెట్ కింద 1.2 అనో ఇంకోటో రాసి ఉంటుంది, అప్పుడు దాని ప్రకారం 6 సెం.మీ. మన దగ్గర ఎడమవైపు వెలుగు కాస్త పైకి లేచి ఉండాలి, కుడివైపు లేవకూడదు. డిక్కీ నిండా సామాను, వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు బండి ముక్కు లేస్తుంది. అప్పుడు స్టీరింగ్ పక్కనున్న లెవెలింగ్ చక్రాన్ని 2కో 3కో తిప్పాలి. పండగకు ఊరెళ్లే కార్లలో ఇది తిప్పేవాళ్లు ఎంతమంది?

చిల్లకల్లు_టోల్:

ఫిల్మ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలని మోటారు వాహనాల నిబంధనలు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీసేయించింది కూడా. అదీగాక మాస్టారు చెప్పిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది, రాత్రి ఫిల్మ్ మీ గేదెనూ దాచేస్తుంది.

పొద్దుటి ఎండకు కారణం రోడ్డు దిక్కు. హైదరాబాద్ నుంచి విజయవాడకు దిక్కు చూస్తే ఉత్తరం నుంచి సుమారు 114 డిగ్రీలు, అంటే తూర్పు నుంచి కాస్త ఆగ్నేయానికి. డిసెంబరు చివర ఇక్కడ సూర్యుడు ఉదయించేది దాదాపు సరిగ్గా అదే దిక్కులో. సంక్రాంతి నాటికి కూడా రెండు డిగ్రీలకు మించి తేడా ఉండదు. ఉదయించాక గంటా పది నిమిషాల వరకు పదిహేను డిగ్రీల లోపే ఉంటాడు, రోడ్డుకు పెద్దగా పక్కకు కూడా జరగడు. జనవరిలో అది ఉదయం 6.45 నుంచి 8 వరకు. ఆ వేళకు నార్కట్‌పల్లిలో టీ తాగుతూ ఉండండి, లేదా తెల్లారకముందే కోదాడ దాటండి, కానీ నిద్ర సరిపోతేనే. తిరుగు ప్రయాణానికి ఇదే చిక్కు జూన్‌లో. హైదరాబాద్ వైపు వస్తుంటే సాయంత్రం ఐదున్నర దాటాక సూర్యుడు సరిగ్గా ఎదుట ఉంటాడు. జూన్ ఉదయాలు, డిసెంబరు సాయంత్రాలు ఈ రోడ్డు మీద బాధ లేనివి, సూర్యుడు నలభై తొమ్మిది డిగ్రీలు పక్కకు ఉంటాడు.

ఎదురెండలో వెళ్లక తప్పకపోతే పోలరైజ్డ్ అద్దాలు పనికొస్తాయి, ఎందుకో తెలుసుకుని కొనండి. రోడ్డు, నీళ్లు, ముందు కారు బానెట్, మీ డ్యాష్‌బోర్డు మీంచి తట్టుకుని వచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. పోలరైజ్డ్ అద్దం దాన్ని ఆపుతుంది. నేరుగా సూర్యుడి నుంచి వచ్చేదాన్ని మాత్రం మామూలు రంగు అద్దమంతే తగ్గిస్తుంది. బూడిద రంగో గోధుమ రంగో, కేటగిరీ 3 సరిపోతుంది, అది 8 నుంచి 18 శాతం వెలుగు పంపుతుంది. కేటగిరీ 4 డ్రైవింగుకు నిషిద్ధం. నలుపును చూసి యూవీ రక్షణ ఉందనుకోవద్దు, ఆ రెండూ వేరు. యూవీ400 అని లేని నల్లద్దం పెడితే కనుపాప పెద్దదై హాని ఎక్కువ. నిజంగా పోలరైజ్డ్ అవునో కాదో షాపులోనే తెలుస్తుంది: ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ తెర ముందు పట్టి మెల్లగా నూట ఎనభై డిగ్రీలు తిప్పితే ఒక చోట తెర నల్లబడాలి. ఎండకు రంగు మారే ఫోటోక్రోమిక్ లెన్సులు కారులో సరిగా పనిచేయవు. ముందు అద్దం పొరల మధ్యనున్న ప్లాస్టిక్ యూవీని ఆపేస్తుంది, ఆ యూవీ తగలకపోతే రంగు మారదు. కళ్లజోడు మీద బిగించే క్లిప్ లేదా పవర్‌తో చేయించిన చలవద్దాలే మీకు దారి.

ఒక చిన్న గుర్తు చెబుతాను. మీ బండి నీడ మీ ముందు పొడుగ్గా పడుతుంటే మీకు రోడ్డు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ ఎదురొచ్చేవాడికి మీరు కనిపించరు. పగలే అయినా అప్పుడు డిమ్ లైటు వేయండి, ఓవర్‌టేక్ ఆపండి, సందులోంచి రాంగ్ సైడులో వచ్చే బైకు మీకు దారిస్తుందనుకోకండి.

రాత్రికి వస్తే, హైవే మధ్య డివైడర్ మీద గన్నేరు, బోగన్‌విలియా ఎత్తుగా పెంచేది అందానికే కాదు, ఎదుటి లైట్లు ఆపడానికి కూడా. యూటర్న్ సందుల దగ్గర, చెట్లు ఎండిపోయినచోట హఠాత్తుగా కొడుతుంది, అలాంటి చోట్లకు ముందే వేగం తగ్గించాలి. డివైడర్ లేని జిల్లా రోడ్డు మీద ఎదుటి బండి 100 మీటర్లున్నప్పుడు అది మీ చూపుకు రెండు డిగ్రీల పక్కనే ఉంటుంది. చూపును ఎడమ అంచు తెల్లగీత మీదికి, నలభై మీటర్ల ముందుకు మారిస్తే ఇంకో నాలుగు డిగ్రీలు కలుస్తాయి. మాస్టారి సూత్రం ప్రకారం తెర తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం ఏ కళ్లజోడూ ఇవ్వదు. ఎదుటివాడు హైబీమ్ దించకపోతే ఒక్కసారి డిప్పర్ కొట్టండి, వాడు వినకపోతే వదిలేయండి. కసితో మీరూ హైబీమ్ వేస్తే చూపు పోయిన డ్రైవర్లు ఇద్దరవుతారు.

80 వేగంలో సెకనుకు 22 మీటర్లు వెళ్తాం. స్పందించడానికి ఒకటిన్నర సెకను, తర్వాత బ్రేకు, మొత్తం ఆగడానికి 70 మీటర్ల దాకా పడుతుంది. ముదురు బట్టలేసుకున్న మనిషి డిమ్ వెలుగులో 50 మీటర్ల లోపుకు వస్తేగానీ కనపడకపోవచ్చు. 60 వేగానికి దిగితే 45 మీటర్లలో ఆగుతుంది. రాత్రి వాన పడితే ఇంకా తగ్గాలి. నీటి పొర మీద మీ లైటు వెలుగు ముందుకే జారిపోయి వెనక్కి రాదు, లేను గీతలు మాయమవుతాయి, ఎదుటి లైటు మాత్రం రోడ్డు మీంచి కూడా వచ్చి కళ్లలో పడుతుంది.

వెనక బండి లైటు కొడితే, వెనక్కి చూసే లోపలి అద్దం కింద ఉన్న చిన్న మీటను వెనక్కి లాగండి. అప్పుడు వెనకున్న మెరిసే లోహపు పూతలోంచి కాకుండా గాజు ముందు తలంలోంచే చూస్తాం, నాలుగు శాతం వెలుగే కంటికి వస్తుంది. లోపలి లైటు ఆర్పేయండి, మీటర్ వెలుగు, మ్యాప్ ఫోను వెలుగు కనిష్ఠానికి తగ్గించండి.

పసుపు_పక్షి:

మాస్టారుతో ఒక విషయంలో ఒప్పుకోను. మంచులో, దుమ్ములో పసుపు అద్దం పెట్టుకుంటే కాంట్రాస్ట్ పెరుగుతుంది. షూటింగ్ క్రీడాకారులు వాడరా?

అద్దాల_మాస్టారు:

వాడతారు, పగటి వెలుగులో. అక్కడ వెలుగు కావలసినంత ఉంటుంది, కాస్త పోగొట్టుకున్నా నష్టం లేదు. ఆకాశం నీలాన్ని తగ్గిస్తే గురి తేటగా తోస్తుంది కూడా. రాత్రి రోడ్డు మీద ఒక్కో శాతం వెలుగూ విలువైనదే, పైగా పొగమంచు అన్ని రంగుల వెలుగునూ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది, పసుపుకు మినహాయింపు ఇవ్వదు. మంచులో హైబీమ్ వేస్తే తెల్లగోడ కనిపించేది అందుకే. కింద తక్కువ ఎత్తులో ఉన్న ఫాగ్ ల్యాంపులు, డిమ్, తక్కువ వేగం, అంతే.

మునగాల_శీను:

అందరికీ ధన్యవాదాలు. తల వంచి చూస్తే గీతల్లో సగం తిరుగుతున్నాయి, సగం కదలడం లేదు. ఇంకో రెండు అడుగుతాను. మా నాన్నగారికి 68, ఆయనా అప్పుడప్పుడు స్కూటరు మీద సాయంత్రం బయటికి వెళ్తారు. లైట్ల చుట్టూ గుండ్రటి వలయాలు అంటున్నారు. డాక్టరు దగ్గర అక్షరాలు మాత్రం బాగానే చదివారు. హెల్మెట్‌కు నల్ల వైజర్ వేయమంటున్నారు, వేయొచ్చా?

అద్దాల_మాస్టారు:

నాన్నగారిది శుక్లం కావచ్చు. అక్షరాల బోర్డు చీకటి గదిలో, ఎదురు లైటు లేకుండా చదివిస్తారు కాబట్టి 6/6 వచ్చినా గ్లేర్ సంగతి తేలదు. కటకం వెనక పొరలో మొదలయ్యే రకం శుక్లం చిన్నదిగా ఉన్నప్పుడే ఎదురు వెలుగులో చూపు బాగా తగ్గిస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో అది ఎక్కువ. కనుపాప పెద్దది చేసి స్లిట్ ల్యాంపుతో (కంటిని పెద్దదిగా చూపే పరికరం) చూడమని, లైటు ఎదురుగా పెట్టి చూపు పరీక్షించే గ్లేర్ టెస్ట్ చేయమని నోరు విప్పి అడగండి. చుక్కలు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలు చూపు మసకగా, వెలుగు భరించలేనట్టు ఉంటుంది. ఆరోజు ఆయన్ని మీరే తీసుకెళ్లి తీసుకురండి. ఆపరేషన్ దాకా వస్తే సాయంత్రం బండి నడుపుతారని డాక్టరుకు ముందే చెప్పండి. దూరానికీ దగ్గరికీ కలిపి పనిచేసే మల్టీఫోకల్ లెన్సుల వల్ల లైట్ల చుట్టూ వలయాలు రావడం మామూలే, ఒకే దూరానికి సరిపోయే మోనోఫోకల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకూడదు. ఇంద్రధనుస్సు రంగుల వలయాలు కనిపిస్తూ, కన్ను ఎర్రబడి, తీవ్రంగా నొప్పి, తలనొప్పి, వాంతులు ఉంటే అది కంటి లోపలి ఒత్తిడి హఠాత్తుగా పెరిగిన నీటికాసులు. అదే రాత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగితే చూపు పోవచ్చు. కంట్లో మెరుపులు, ఒక్కసారిగా బోలెడు నల్లచుక్కలు కనిపించినా అంతే తొందర.

మీ విషయానికి, కారు ఏసీ గాలి ముఖం మీదికి వస్తే కన్నీటి పొర ఆరిపోతుంది. ఏసీ గాలి రెక్కలను కాళ్ల వైపు తిప్పండి.

గేరుబాక్స్_గణేష్:

నల్ల వైజర్ సాయంత్రం వద్దే వద్దు. తెల్లదే వేసి, పగటికి లోపల చలవద్దాలు పెట్టుకోమనండి. పాలికార్బొనేట్ వైజర్‌ను పెట్రోలుతో, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో తుడిస్తే సన్నటి పగుళ్లు వస్తాయి. కొళాయి కింద పెట్టి ముందు దుమ్ము కారిపోనిచ్చి, పల్చటి సబ్బు నీళ్లతో చేత్తో కడిగి, గాలికి ఆరనివ్వాలి. పొడి గుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు గీస్తుంది. వీధిలైటుకు ఎదురుగా పెట్టి చూస్తే సాలెగూడులా గీతలు మెరుస్తుంటే కొత్తది మార్చేయండి, హెల్మెట్ ధరలో అది చిన్న భాగమే. పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుని వైజర్‌లోంచి చూస్తే రంగురంగుల మచ్చలు కనిపిస్తాయి, అది ప్లాస్టిక్‌లోని ఒత్తిడి వల్ల, వైజర్ చెడిందని కాదు. చాలామందికి చిరాకు కాబట్టి స్కూటరుకు పోలరైజ్డ్ కాని యూవీ400 అద్దాలు చూడండి.